డాన్‌విల్: ఏం చూడొచ్చు, ఎక్కడ ఉండొచ్చు

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని కేరీ నుంచి గంటన్నర డ్రైవ్. ఆ రాష్ట్రం దాటగానే వర్జీనియాలో తగిలే ఊరు డాన్‌విల్. జనాభా నలభై వేల పైచిలుకు. మా ఒంగోలు వైపువాళ్ళకు దీంతో చుట్టరికం ఉన్నట్టే. మనం బ్యారన్లలో (పొగాకు కొట్టాల్లో) వేడిపెట్టి క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు రకానికి ఒకప్పటి పెద్ద వేలం మార్కెట్లలో ఇదొకటి. పక్కనే డాన్ నది ఒడ్డున 1882లో మొదలైన బట్టల మిల్లు వేలమందికి అన్నం పెట్టింది. అది దివాలా తీశాక కొన్నది మన దేశపు కంపెనీ, గుజరాత్ హెవీ కెమికల్స్. అయినా నిలబడలేదు, 2006లో మూతపడింది. పొగాకూ తగ్గి, మిల్లూ పోయాక మెయిన్ స్ట్రీట్‌కి వచ్చేవాళ్ళెవరు?

ఇప్పుడు చూడాల్సింది క్రేగ్‌హెడ్ స్ట్రీట్. ఎర్ర ఇటుకల పొగాకు గోదాములను అపార్ట్‌మెంట్లుగా, ఆఫీసులుగా, తిండి హోటళ్ళుగా మార్చారు. పాత రైల్వేస్టేషన్‌లో సైన్స్ సెంటర్ ఉంది, పిల్లలు ఓ పట్టాన బయటికి రారు. నది వెంట నడకదారి చదునుగా ఉంది, స్ట్రోలర్ హాయిగా తోసుకుపోవచ్చు. సాయంత్రం ఊరివాళ్ళే కుక్కల్ని పట్టుకుని నడుస్తుంటే ముచ్చటేసింది. మెయిన్ స్ట్రీట్ ఎక్కితే మాత్రం తెరిచిన కొట్ల మధ్య ఖాళీ అద్దాలు, 'అద్దెకివ్వబడును' బోర్డులు ఇంకా కనిపిస్తాయి.

బస అంటారా, మేం డబ్బులు మిగుల్తాయని హైవే పక్క మోటెల్ తీసుకున్నాం. గదంతా సిగరెట్ కంపు. పొగాకు ఊరు కదా అని సరిపెట్టుకోవాలేమో! మార్చమంటే ఇచ్చిన గదిలో ఏసీ పనిచేయలేదు. పాత న్యూస్‌పేపర్ ఆఫీసు భవనంలో పెట్టిన 'ద బీ' హోటల్ డౌన్‌టౌన్‌లోనే ఉంది, అన్నిటికీ నడిచి వెళ్ళొచ్చు. ఈసారి అక్కడే.

2024 డిసెంబర్‌లో ఆ మూతపడ్డ బట్టల మిల్లుకే చెందిన పాత స్కూల్‌ఫీల్డ్ మిల్లు స్థలంలో సీజర్స్ క్యాసినో తెరిచారు. 320 గదులు, ఆవరణలో మిల్లు పొగగొట్టాలు మూడు అలాగే ఉంచారు. పన్ను డబ్బు ఊరికి వస్తుంది, నిజమే. కానీ తిండి, ఆట, పడక అన్నీ లోపలే దొరికితే అక్కడినుంచి మెయిన్ స్ట్రీట్‌కి కారేసుకుని ఎవరొస్తారు? నా లెక్కలో కొట్లు తెరిపించేది గోదాముల్లో కాపురముండి రోజూ పాలూ బ్రెడ్డూ కొనుక్కునేవాళ్ళే.

ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది గానీ అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లో. కారే మేలు. వేసవిలో శనివారం పొద్దున వెళ్తే రైతుబజారు కూడా చూడొచ్చు. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్ళండి, మాకు ఆదివారం కాఫీ దొరకడమే గగనమైంది.