నగోయా సైన్స్ మ్యూజియం: జపనీస్ రాకపోయినా చూడొచ్చా?

జపాన్ చూడబోయే మనవాళ్లు టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైల్లో వెళ్తూ నగోయాను కిటికీలోంచే చూసి వదిలేస్తారు. పిల్లలు వెంట ఉంటే మాత్రం అక్కడ దిగమనే చెబుతాను. నగోయా స్టేషన్‌లో హిగాషియామా లైన్ సబ్‌వే ఎక్కితే తర్వాతి స్టేషనే ఫుషిమి. అక్కణ్ణుంచి సైన్స్ మ్యూజియం ఉన్న షిరకావా పార్కుకు నడిచిపోవచ్చు. రెండు భవనాల మధ్య ఇరుక్కున్న పెద్ద వెండి బంతి కనిపిస్తుంది చూడండి, ప్లానెటేరియం అందులోనే.

గోపురం లోపలి వ్యాసం 35 మీటర్లు. 2011లో తెరిచినప్పుడు ప్రపంచంలో ఇదే అతిపెద్దది. సుమారు 350 సీట్లు, దేనికదే విడిగా తిరుగుతుంది. వెనకవైపు ఆకాశం చూడాలంటే మెడ తిప్పక్కర్లేదు, కుర్చీ తిప్పుకుంటే చాలు. మా పిల్లలకి మొదటి పది నిమిషాలూ ఆ కుర్చీలే ఆట. వ్యాఖ్యానం రికార్డు చేసి పెట్టింది కాదు, సిబ్బంది అప్పటికప్పుడు జపనీస్‌లో చెబుతారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఊరి దీపాలన్నీ ఆరిపోయి పాలపుంత బయటపడ్డ క్షణానికి వ్యాఖ్యానంతో పనేముంది? ముప్పావుగంట పైన సాగే షో కాబట్టి చిన్నది మధ్యలోనే నిద్రపోయింది. బుడతలుంటే ఫ్యామిలీ షో వేళ చూసుకుని వెళ్లడం మంచిది.

నన్నడిగితే పిల్లలకి ప్లానెటేరియం కన్నా కింది ప్రయోగశాలలే ఎక్కువ నచ్చుతాయి. 9 మీటర్ల ఎత్తున సుడిగాలి కళ్లముందే లేస్తుంది. ఇంకోచోట కోటు ఇచ్చి మైనస్ 30 డిగ్రీల గదిలోకి పంపుతారు. మావాడు బయటికొచ్చి ముక్కు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు! వీటికి వేళలుంటాయి, అందుకే లోపలికెళ్లగానే ముందు ఆ సంగతి కనుక్కోండి.

ప్లానెటేరియంతో కలిపి పెద్దలకు 800 యెన్లు, ప్రదర్శనలకే అయితే 400. జూనియర్ హైస్కూల్ వయసు (సుమారు పదిహేనేళ్లు) దాకా పిల్లలకు ఉచితం. ఆ నాణ్యతకి ఇది కారుచౌక.

బస విషయానికొస్తే, మేం స్టేషన్ పక్కన దిగాం. రైళ్లకి సుఖమే గానీ గది మరీ ఇరుకు, సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటు లేదు. మళ్లీ వెళ్తే ఫుషిమి, దాని తర్వాతి స్టేషన్ సకాయె మధ్య ఎక్కడైనా చూస్తాను. మ్యూజియానికి సోమవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి.