కుక్కతో అద్దెకు దిగాలంటే: ఇండిపెండెంట్ పోర్షనా, గేటెడ్ ఫ్లాటా?

హైదరాబాద్‌లో టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ముందు "ఫ్యామిలీయేనా?" అంటారు, తర్వాత "వెజ్జా, నాన్‌వెజ్జా?" అంటారు. ఆ రెండూ దాటాక కుక్క ఉందని చెప్తే "ఇంట్లో అడిగి చెప్తాం" అని పెట్టేస్తారు. ఆ ఫోన్ మళ్లీ రాదు. అందుకే అద్దె, గదులు తర్వాత. కుక్క విషయంలో అక్కడ ఎవరి మాట చెల్లుతుందో ముందు చూసుకోవాలి.

ఓనరు కింద, మనం పైన ఉండే పోర్షన్‌లో మాట ఒక్కరిదే. సరే అన్నారంటే మీటింగులూ నోటీసులూ ఉండవు. అద్దె కూడా తక్కువే. చిక్కల్లా రోజూ ఎదురుపడటంలో ఉంది. పొద్దున్నే ఆంటీ గేటు ముందు కల్లాపి చల్లి ముగ్గేసి లోపలికి వెళ్తుంది. రాత్రంతా ఆపుకున్న మన లాబ్రడార్ సరిగ్గా అప్పుడే ఆ ముగ్గు తొక్కుకుంటూ బయటికి పరుగు. మొదట్లో నవ్వి ఊరుకుంటారు. తర్వాత అర్ధరాత్రి పైన గోళ్ల టకటక వినిపిస్తోందంటారు. ఆ తర్వాత "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు మాకే కావాలి" అంటారు. సైనిక్‌పురి వైపు ఓనరుకే కుక్క ఉన్న ఇల్లు దొరికితే మాత్రం ఇంకేం చూడకుండా అడ్వాన్స్ ఇచ్చేయండి.

కొండాపూర్, నల్లగండ్ల గేటెడ్ కమ్యూనిటీల్లో అద్దె బరువే, పైగా మెయింటెనెన్స్. కానీ ఫ్లాటు ఓనరు చాలాసార్లు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు; ఆయనకు అద్దె టైముకు పడితే చాలు. పేచీ పెట్టేది అసోసియేషన్. దానికి జవాబు ఉంది. కుక్కల్ని పెంచొద్దని తీర్మానం చేయడం, లిఫ్టు ఎక్కనివ్వకపోవడం కుదరదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అలాంటి నిషేధాలు చెల్లవని 2021లో కేరళ హైకోర్టూ అంది. అయితే ఓనరే ఇవ్వనంటే ఈ కాగితాలేవీ అక్కరకు రావు. ఇక రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే కుక్క లైసెన్సు చేతిలో ఉండి, కుక్క చేసింది మనమే ఎత్తేస్తుంటే సెక్యూరిటీవాళ్లూ పెద్దగా పట్టించుకోరు. వాకింగ్‌కి లోపలి రోడ్లుంటాయి. గల్లీలో అయితే నాలుగు వీధి కుక్కలు మీద పడకుండా మలుపు దాటడమే గొప్ప.

ఐదంతస్తుల మామూలు అపార్ట్‌మెంట్ నా లెక్కలో ఆఖరిది. ఓనర్లు చాలామంది అక్కడే కాపురం, ఉన్నది ఒకటే లిఫ్టు.

నన్నడిగితే చిన్న కుక్కకూ పిల్లికీ గేటెడ్ ఫ్లాటే మేలు. పిల్లి ఉంటే బాల్కనీకి వల తప్పనిసరి. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కకు మాత్రం కాంపౌండ్ ఉన్న విడి ఇల్లే వెతకండి, ఊరికి కాస్త దూరమైనా సరే.

ఎక్కడైనా కుక్క సంగతి దాచి దిగొద్దు. పదకొండు నెలల అగ్రిమెంట్‌లో కుక్క ఉందని ఒక లైను రాయించండి. దిగిన రోజే తలుపుల కింది అంచులు ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఎలాగూ కోస్తారు, ఆ ఫోటోలుంటే కనీసం తలుపుల మీది పాత గీతలకు కూడా మన అడ్వాన్స్‌లోంచే కోయకుండా ఉంటారు.