పాత చీర అంచుతో గాజులు, క్లిప్పులు: ఏ గమ్ ఏ పనికి నిలుస్తుంది

ఇంట్లో చేసుకున్న గాజులో, జడ క్లిప్పో రెండో ఫంక్షన్‌కి పెట్టుకునేసరికి కుందన్లు రాలిపోతున్నాయంటే తప్పు చేతిపనిది కాదు, గమ్‌ది. ఆన్‌లైన్‌లో దొరికే సిల్క్ థ్రెడ్ కిట్లలో దారాలు, ప్లాస్టిక్ గాజులు, బాల్ చైన్, కుందన్లు చాలావరకు బాగానే ఉంటాయి. వాటితో వచ్చే చిన్న గమ్ ట్యూబు ఒక్కదాన్నే అన్నిటికీ వాడేయడంతో పని చెడుతుంది. గుడ్డను గుడ్డకు అతికించడం ఒక పని. రాయిని గుడ్డ మీద నిలబెట్టడం ఇంకో పని. లోహపు క్లిప్పుకు గుడ్డను పట్టించడం పూర్తిగా వేరే. ఈ మూడింటినీ ఒకే గమ్ చేయలేదు. అందుకే మార్కెట్లో మామూలుగా దొరికే ఐదు రకాలను పాత పట్టుచీర అంచు, సిల్క్ దారం, కుందన్లు, ప్లాస్టిక్ గాజుల మీద ఏది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం.

మొదట ఫ్యాబ్రిక్ గ్లూ. పిడిలైట్ వాళ్ళ ఫెవిక్రిల్ ఫ్యాబ్రిక్ గ్లూ అన్ని ఊళ్ళలోనూ స్టేషనరీ, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. తెల్లగా, గట్టి గంజిలా ఉంటుంది, ఆరాక కనపడదు. ఆరిన తర్వాత కూడా మెత్తగా వంగడం దీని గొప్పతనం. సిల్క్ దారం చుట్టిన గాజుకు, చీర పట్టీ చుట్టిన గాజుకు, లేసు అతికించడానికి దీన్ని మించింది లేదు. అయితే ఇది నీళ్ళతో చేసిన గమ్. ఆ నీరు ఎటైనా పోతేనే ఇది ఆరుతుంది. గుడ్డ, దారం పీల్చుకుంటాయి కాబట్టి అక్కడ పట్టు బాగుంటుంది. నున్నటి ప్లాస్టిక్ గాజు ఏమీ పీల్చుకోదు. అందుకే గాజు మీద నేరుగా రాస్తే, ఆరాక గోటితో గీరితే పాల మీద మీగడ లేచినట్టు పొరగా లేచి వస్తుంది. దీనికి మందు సులువే. గాజు లోపలి వైపు సన్న గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి అప్పుడు రాయాలి. నాలుగైదు నిమిషాల పని. చాలామంది వదిలేసేది కూడా ఇదే.

దారం గాజుల విషయంలో గమ్ ఎక్కువ పూయడం ఇంకో పొరపాటు. గాజు చుట్టూ పూసేసి దారం చుట్టుకుంటూ పోతే, గమ్ దారంలోకి ఎక్కి పైకి మచ్చలుగా తేలుతుంది, మెరుపు చచ్చిపోతుంది. మొదలు దగ్గర ఒక చుక్క, తర్వాత ప్రతి 2 సెంటీమీటర్లకు లోపలి వైపు మాత్రమే అగరుబత్తి పుల్లతో సన్నటి గీత, చివర ఒక చుక్క, అంతే చాలు. మిగతా పట్టంతా చుట్టులోని బిగువే ఇస్తుంది.

దారం ఎంత కావాలో లెక్క తెలిస్తే కిట్ కొనాలా, విడిగా కొనాలా అన్నది మీకే తేలిపోతుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజును ఒక్కసారి చుట్టి రావడానికి సుమారు 26 మిల్లీమీటర్ల దారం పడుతుంది. 20 పోగులు పక్కపక్కన పరిస్తే 3.5 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. 2.6 సైజు గాజు లోపలి చుట్టుకొలత 19 సెంటీమీటర్లు కాబట్టి 54 చుట్లు, అంటే 1.4 మీటర్లు. చుట్టు మీద చుట్టు కొంచెం ఎక్కించాలి కాబట్టి 1.8 మీటర్లు వేసుకోండి. 20 పోగులకు ఒక్క వెడల్పు గాజుకు 36 మీటర్లు. 4 మిల్లీమీటర్ల సన్న గాజుకు దాదాపు సగం. రెండు చేతులకూ కలిపి 4 వెడల్పువి, 8 సన్నవి చేయాలంటే సుమారు 290 మీటర్లు. రీలు మీద మీటర్లు రాసి ఉంటాయి, చూసి కొనండి. కిట్‌లో ఆరు రంగులిచ్చినా, ఒకే రంగులో సెట్ చేయడానికి ఆ రీలు సరిపోకపోవచ్చు. మధ్యలో అయిపోతే అదే షేడ్ మళ్ళీ దొరకడం కష్టం.

గాజు సైజు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2.6 అంటే రెండు పాయింట్ ఆరు అంగుళాలు కాదు, 2 అంగుళాల మీద పదహారింట 6 భాగాలు, అంటే 60 మిల్లీమీటర్లు. 2.8 అంటే 63.5 మిల్లీమీటర్లు. 2.10 దానికన్నా పెద్దది. దారం చుడితే లోపల 1 మిల్లీమీటరు తగ్గుతుంది, అది ఫర్వాలేదు. చీర పట్టీ చుడితే మాత్రం 2 నుంచి 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే దాదాపు ఒక సైజు. మీది 2.6 అయితే చీర గాజులకు 2.8 తీసుకోవాలి.

ఇక చీర సంగతి. పాత పట్టుచీర ముందు మడతల దగ్గర చిట్లుతుంది. ఏళ్ళ తరబడి బీరువాలో ఒకే మడత మీద ఉన్న చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ గీతలు కనపడతాయి. అక్కడి గుడ్డ తీసుకోవద్దు. అంచు, కొంగు మాత్రం నేత దట్టంగా ఉండడం వల్ల చాలాకాలం నిలుస్తాయి. కత్తెర పెట్టేముందు వెనక పల్చటి ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీ వేడికి అతుక్కునే అస్తరు గుడ్డ, వేయాలి. టైలరింగ్ మెటీరియల్ షాపులో "సన్న ఫ్యూజింగ్" అంటే ఇస్తారు. జిగురు చుక్కలున్న వైపు చీర వెనకకు ఆనించి, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె వేడిని "సిల్క్" గుర్తు దగ్గర పెట్టి, ఒక్కో చోట 10 సెకన్లు నొక్కి ఎత్తాలి. లాగుతూ రుద్దితే గుడ్డ అలలు తేలుతుంది. జరీ అసలైందో ప్లాస్టిక్‌దో తెలియకపోతే అరంగుళం ముక్క మీద ముందు ఇస్త్రీ ఆనించి చూడండి. ప్లాస్టిక్ జరీ అయితే వేడికి ముడుచుకుపోతుంది.

ఫ్యూజింగ్ గుడ్డకు బలమివ్వడమే కాదు, గమ్‌కు అడ్డుగోడలా కూడా పనిచేస్తుంది. పల్చటి పట్టు వెనక ఫ్యాబ్రిక్ గ్లూ రాస్తే అది గుడ్డలోంచి ముందుకు ఊరి, నూనె మరకలా నల్లగా నిలిచిపోతుంది. ఆ మరక ఇక పోదు. ఫ్యూజింగ్ ఉంటే ఊరడం చాలా తగ్గుతుంది.

జరీ లేని చోటి నుంచి పట్టీ తీస్తుంటే క్రాస్‌గా కత్తిరించండి, జాకెట్టు మెడకు క్రాస్ పట్టీ తీసినట్టే. నిలువు పట్టీ గాజు వంపులో ముడతలు పడుతుంది, క్రాస్ పట్టీ సాగి కూర్చుంటుంది. 2 సెంటీమీటర్ల వెడల్పు, ఒక అంచు అర సెంటీమీటరు లోపలికి మడిచి ఇస్త్రీ చేయాలి. 10 మిల్లీమీటర్ల గాజుకు 60 సెంటీమీటర్ల పొడవు చాలు. మడిచిన అంచు ఎప్పుడూ పైకి రావాలి, ప్రతి చుట్టు ముందు చుట్టులోని మడవని అంచును కప్పాలి. చివర లోపలి వైపు ముగించి, గమ్ ఆరేదాకా బట్టల క్లిప్పు పెట్టి ఉంచాలి. కోస్తా ఊళ్ళలో వానాకాలం అయితే రాత్రంతా వదిలేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్ళ గమ్ పైకి ఆరినట్టు కనపడినా లోపల పచ్చిగానే ఉంటుంది.

రెండోది బి-7000. రాళ్ళ పనికి ఇదే కొనాలి, ఇందులో మొహమాటం లేదు. ఇది ఒక కంపెనీ పేరు కాదు, రకం పేరు. రకరకాల అట్టల మీద ఇదే నంబరు కనపడుతుంది. 15, 25, 50, 110 మిల్లీలీటర్ల ట్యూబులు వస్తాయి. 15ది తీసుకోండి. మూత ఎన్నిసార్లు తీస్తే అంత చిక్కబడుతుంది, పెద్ద ట్యూబు సగం పారేయాల్సి వస్తుంది. మూతలో ఉన్న సూది ముక్కు రంధ్రాన్ని మూసి ఉంచుతుంది కాబట్టి వాడిన ప్రతిసారీ ముక్కు తుడిచి సరిగ్గా బిగించాలి. ఘాటైన వాసన వస్తుంది. కిటికీ తీసి, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా వాడాలి.

దీని తీరు పాకం పట్టినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. చుక్క పెట్టి ట్యూబు ఎత్తగానే తీగపాకంలా సాగుతుంది. అలాగే లాగేస్తే ఆ తీగ చీర మీద పడి మెరుస్తూ ఉండిపోతుంది. ట్యూబు ముక్కును అక్కడే చిన్నగా సున్నా చుట్టినట్టు తిప్పి ఎత్తితే తీగ తెగుతుంది. చుక్క రాయి వెడల్పులో సగం ఉండాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగి, జిగట వచ్చాక రాయి పెట్టి నొక్కితే గమ్ అంచుదాకా పాకి ఆగుతుంది. ఎక్కువైతే రెండు నష్టాలు. పక్కకు పొంగి కనపడడం ఒకటి. ఇందులోని ద్రావకం కుందన్ వెనకున్న రేకును తినేసి రాయిని మసకబార్చడం రెండోది. ప్లాస్టిక్ కుందన్లలో ఇది ఎక్కువ.

పూర్తిగా బిగుసుకోవడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. పొద్దున చేసి సాయంత్రం పెళ్ళికి పెట్టుకుంటే రాళ్ళు జారతాయి. ఆరాక రబ్బరులా ఉంటుంది కాబట్టి గుడ్డ వంగినా రాయి ఊడదు. పాత జాకెట్టు చేతులకు కుందన్లు అతికిస్తే చల్లటి నీళ్ళలో చేత్తో మెల్లగా ఉతికితే తట్టుకుంటుంది. డ్రై క్లీనింగ్‌కు వెళ్ళే పట్టు జాకెట్టుకు మాత్రం గమ్ రాళ్ళు వద్దు. అక్కడి ద్రావకం గమ్‌ను మెత్తబరుస్తుంది. దానికి రంధ్రాలున్న కుట్టు కుందన్లు తీసుకుని సూదితో కుట్టడమే సరి. అమెరికాలో ఉన్నవాళ్ళకు క్రాఫ్ట్ షాపుల్లో దొరికే ఇ-6000 ఇదే పని చేస్తుంది. వాసన ఘాటు, బిగుసుకోవడానికి 24 నుంచి 72 గంటలు.

గ్లూ గన్ అంటే అందరికీ మోజు. ప్లగ్ పెట్టి ఐదు నిమిషాలాగితే పని మొదలు, అర నిమిషంలో అతుక్కుంటుంది. ఇంట్లోకి 7 మిల్లీమీటర్ల కడ్డీలు పట్టే 20 వాట్ల గన్ చాలు. కానీ దీన్ని గాజులకు, రాళ్ళకు వాడొద్దు. పట్టు కింద గడ్డలా ఉబ్బి కనపడుతుంది, నెట్, ఆర్గంజా వేడికి ముడుచుకుపోతాయి. లోహపు జడ క్లిప్పు మీద ఇంకా దారుణం. చల్లటి లోహం తగలగానే గమ్ లోహానికి సరిగ్గా పట్టకముందే గట్టిపడిపోతుంది. రెండు రోజుల తర్వాత చూస్తే క్లిప్పు ఒకవైపు, గుడ్డ పువ్వు ఒకవైపు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో పెడితే ఈ గమ్ మళ్ళీ మెత్తబడుతుంది కూడా. క్లిప్పుకు బి-7000 రాసి, పైన ఫెల్ట్ ముక్క వేసి, క్లిప్పు కింద నుంచి దారంతో నాలుగు కుట్లు వేస్తే ఏళ్ళు నిలుస్తుంది. గుడ్డ పువ్వు రేకులను మధ్యలో కలిపి పట్టడానికి, బయటికి కనపడని చోట, గ్లూ గన్ మంచి పనిముట్టే.

రెండు చుక్కలతో క్షణంలో అంటుకునే ఇన్‌స్టంట్ గమ్‌ను ఈ పనిలోకి రానివ్వకపోవడమే మేలు. నూలు గుడ్డ మీద పడితే అది ఒక్కసారిగా వేడెక్కి పొగ వచ్చేంత పని చేస్తుంది, వేళ్ళు కాలతాయి. గుడ్డను గాజుపెంకులా గట్టిగా మారుస్తుంది, వంచితే అక్కడే విరుగుతుంది. దాని ఆవిరి చుట్టుపక్కల రాళ్ళ మీద తెల్లటి పొడలా కూర్చుంటుంది. తుడిచినా పూర్తిగా పోదు.

ఫెవికాల్ ఎమ్మార్ పేపరుకు, అట్టకు, చెక్కకు. చెవి బుట్టల కింద కాగితపు దిమ్మ చేసుకుంటే వాడండి. చేతికి పెట్టుకునే వస్తువుకు వద్దు, చెమటకు కరుగుతుంది.

హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్ళు రాళ్ళకు గమ్ వాడరు. నిప్పుల మీద లక్కను వేడి చేసి, మెత్తగా ఉన్నప్పుడే రాళ్ళను అందులోకి నొక్కుతారు. చల్లారాక లక్కే రాయిని పట్టుకుంటుంది. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన పని అది. రాయికి కింది నుంచి మాత్రమే కాక పక్కల నుంచి కూడా పట్టు ఉండడం అందులోని కిటుకు. ఇంట్లో చేసేటప్పుడు రాయి చుట్టూ బాల్ చైన్ అతికిస్తే అదే పని కొంతవరకు జరుగుతుంది. అది అందానికే అనుకుంటారు కానీ, రాయి అంచు దేనికీ తగిలి లేవకుండా కాపాడుతుంది.

అంచుతో నడుము బెల్టు చేసుకునేవాళ్ళకు ఒక మాట. 6 సెంటీమీటర్ల అంచును బక్రమ్ (కాలర్లలో వేసే బిరుసు గుడ్డ) మీద ఫ్యాబ్రిక్ గ్లూతో అతికించి అంతటితో ఆపకండి. అక్కడ గమ్ చేసేది గుండుసూదుల పని మాత్రమే. పూర్తిగా ఆరాక చుట్టూ మిషన్ కుట్టు వేయాలి. పచ్చిగా ఉండగా కుడితే సూదికి గమ్ చుట్టుకుని కుట్లు తప్పుతాయి.

ఇవన్నీ విడిగా తెచ్చుకోవాలంటే హైదరాబాద్‌లో బేగం బజార్, సికింద్రాబాద్‌లో జనరల్ బజార్, విజయవాడలో వన్‌టౌన్ వైపు వెళ్ళండి. మొదటిసారి చేసి చూసేవాళ్ళకు కిట్ తప్పేమీ కాదు. దాంతోపాటు ఫ్యాబ్రిక్ గ్లూ ఒక సీసా, బి-7000 చిన్న ట్యూబు ఒకటి వేరుగా తెచ్చుకుంటే చాలు.

గమ్ పొరపాటున చీర మీద పడితే కంగారుపడి రుద్దొద్దు. ఫ్యాబ్రిక్ గ్లూ అయితే పచ్చిగా ఉండగానే తడి దూదితో అద్ది తీసేయాలి, ఆరితే రాదు. బి-7000 అయితే దీనికి తలకిందులు. పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకోకుండా వదిలేసి, మర్నాడు రబ్బరులా మారాక వేలికొసతో దొర్లిస్తే చాలావరకు ఉండలా చుట్టుకుని వచ్చేస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ దాన్ని కరిగిస్తుంది నిజమే కానీ, పక్కనున్న ప్లాస్టిక్ కుందన్ల మెరుపునూ తినేస్తుంది.