కొత్త మ్యాక్‌లో విండోస్: ప్యారలల్స్, ఫ్యూజన్, యూటీఎం... ఏది మేలు?

ఎం సిరీస్ (ఆపిల్ సొంత ప్రాసెసర్) మ్యాక్ కొన్న ప్రతివాళ్లూ వారం తిరక్కుండానే నన్ను అడిగే ప్రశ్న ఇది: "విండోస్ కోసం ఏది వేసుకోమంటారు?" ప్యారలల్స్, ఫ్యూజన్, యూటీఎం అన్నీ మ్యాక్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా విండోస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు. నేను తిరిగి అడిగేదీ ఒకటే. మీకు కావలసింది విండోసా, మీ పాత విండోసా?

నా దృష్టిలో అసలు తేడా అక్కడే ఉంది. 2020 నవంబరులో మొదటి ఎం ప్రాసెసర్ ఎం1 వచ్చినప్పుడే, మ్యాక్ మీద విండోస్‌ని నేరుగా ఎక్కించే బూట్ క్యాంప్ ఈ మ్యాక్‌లకి లేకుండా పోయింది. ప్యారలల్స్ అయినా, ఫ్యూజన్ అయినా సాఫీగా నడిపేది ఏఆర్‌ఎం (ఎం సిరీస్ ప్రాసెసర్ల రకం) కోసం చేసిన విండోస్ 11నే. ఇంటెల్ మ్యాక్‌లో ఏళ్ల తరబడి వాడుకున్న వీఎం (వర్చువల్ మెషీన్, ఆ లోపలి కంప్యూటర్) ఫైలు ఇందులో అలాగే తెరుచుకోదు. నాది 80 జీబీ విండోస్ 10, అందులో పాత అకౌంట్ల ప్యాకేజీ. అంతా కాపీ అయ్యేదాకా కూర్చుని, తీరా తెరిస్తే ఈ ప్రాసెసర్ మీద నడవదు పొమ్మంది.

సరే అని యూటీఎంలో పెట్టాను. టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. స్టార్ట్ మెనూ నొక్కితే అసలు నొక్కానా లేదా అని నాకే అనుమానం. ఇందులో యూటీఎం తప్పేమీ లేదు. లోపలున్న క్యూఎమ్యు అనే ఎమ్యులేటర్ (ఇంకో రకం ప్రాసెసర్‌ని అనుకరించేది) ఇంటెల్ కోసం రాసిన విండోస్‌ని మొత్తంగా, దాని గుండెకాయ లాంటి కెర్నల్‌తో సహా, అనువదిస్తూ నడపాలి మరి. డేటా బ్యాకప్ తీసుకుని దండం పెట్టేశాను.

అదే ప్యాకేజీని ఏఆర్‌ఎం విండోస్‌లో వేస్తే చకచకా నడిచింది. అక్కడ విండోస్ నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది, ఇంటెల్ యాప్‌ని మాత్రమే అది అనువదించుకుంటుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో వచ్చిన ప్రిజమ్ అనే అనువాదకం ఈ పనిని ఇంకా మెరుగ్గా చేస్తోంది. చిక్కల్లా పరికరాలని నడిపే డ్రైవర్లతోనే. వాటికి ఈ అనువాదం వర్తించదు, ఏఆర్‌ఎం కోసమే రాసినవి ఉండాలి. పాత ప్రింటరో, డిజిటల్ సంతకాల యూఎస్‌బీ టోకెనో ఉన్నవాళ్లు మ్యాక్ కొనకముందే ఈ సంగతి కనుక్కోవాలి.

ఇక ప్యారలల్స్, ఫ్యూజన్. ప్యారలల్స్ విండోస్‌ని తనే దించి, తనే ఎక్కించేస్తుంది. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ దానికి అధికారికంగా ఆమోదం కూడా ఇచ్చింది. రోజంతా విండోస్‌లోనే పనిచేసేవాళ్లు డబ్బు పెట్టినా నష్టం లేదు. కాకపోతే స్టాండర్డ్ ఎడిషన్‌లో వీఎంకి 8 జీబీ ర్యామ్‌కి మించి ఇవ్వలేం. నాకు విండోస్‌తో నెలకి నాలుగైదు రోజులే పని, అందుకే ఫ్యూజన్‌తో సరిపెట్టుకున్నాను. 2024 నవంబరు నుంచి అది అందరికీ ఉచితం. దించుకోవడానికి ఖాతా తెరవాలి, అదొక్కటే తలనొప్పి. విండోస్ లైసెన్సు ఎందులోనైనా విడిగా కొనాల్సిందే.

లైనక్స్ మాత్రమే కావాలంటే యూటీఎం చాలు, ఏఆర్‌ఎం ఉబుంటు అందులో హాయిగా నడుస్తుంది. ఇలాంటిదే అయిన వర్చువల్‌బాక్స్ కూడా 7.1 వెర్షన్‌తో ఈ మ్యాక్‌లకి వచ్చింది, అలవాటు పడ్డవాళ్లు చూసుకోవచ్చు.

ఇంతా చేసి, నా పాత ఇంటెల్ మ్యాక్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వలేదు. ఇంకో ప్యాకేజీకి డాంగిల్ (గుచ్చితేనే ప్యాకేజీ తెరుచుకునే తాళం లాంటిది) ఉంది, దానికి ఏఆర్‌ఎం డ్రైవర్ లేదు, తయారుచేసినవాళ్లు దుకాణం కట్టేసి చాలా ఏళ్లైంది. మార్చి నెలాఖరున రెండు రోజులు ఆ మ్యాక్‌ని బీరువాలోంచి తీసి దుమ్ము దులుపుతాను.