గ్రూపులోంచి తీసేసినా మళ్లీ మళ్లీ వచ్చేవాణ్ని ఏం చేయాలి? ఏది మేలు?

కాలనీ వాట్సాప్ గ్రూపు నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మనిషి తగులుతాడు. అసోసియేషన్ మీటింగులో అందరూ అనుకుని తీసేస్తారు. వారం తిరక్కుండా కొత్త నెంబరుతో వచ్చి కూర్చుంటాడు. డీపీలో వెంకటేశ్వరస్వామి ఫోటో, పేరు ఉండాల్సిన చోట ఒక చుక్క. రెండు రోజులు గుడ్ మార్నింగులు పెడతాడు. మూడో రోజు రాత్రి పదకొండింటికి మళ్లీ మొదలు. ప్రెసిడెంటు గారు మెయింటెనెన్స్ డబ్బులు తినేశారంటాడు. ఫలానా ఇంట్లో అద్దెకున్న ఆడపిల్లలు ఏ టైముకు ఇంటికొస్తున్నారో చూడండంటాడు.

విజయవాడ సింగ్‌నగర్ వైపు మా కాలనీ గ్రూపుకు ఉన్న అడ్మిన్లలో నేనూ ఒకదాన్ని. ఈ గ్రూపును మేము కాలక్షేపానికి పెట్టుకోలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు కట్ట తెగి నీళ్లు వీధుల్లోకి వచ్చినప్పుడు, సిగ్నల్ దొరికిన కాసేపట్లోనే ఒకరికొకరు చెప్పుకోవడానికి పుట్టింది. ఏ వీధిలో నడుము లోతుంది, పడవ ఏ మలుపు దాకా వస్తోంది, ఎవరింట్లో డయాలసిస్ పేషెంటు ఉన్నారు, పాలపొడి ఎవరికి కావాలి, ఇవే అందులో మెసేజులు. కట్టకు పడిన మూడు గండ్లూ పూడ్చారని తెలిసి జనం ఊపిరి పీల్చుకున్నాక, ఒక రాత్రి మా గ్రూపులో ఇలాంటి మనిషే ఒకడు "బుడమేరు మళ్లీ తెగిందంట, పైకి ఎక్కండి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. మంచంలో ఉన్న ముసలివాళ్లను కొడుకులు చేతుల మీద డాబా పైకి మోసుకెళ్లారు. అదంతా అబద్ధం. అతన్ని తీసేసింది అందుకు. ఆ తర్వాత నుంచి వేరే నెంబర్లతో వస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఏం చేయాలన్న దానిమీద అసోసియేషన్‌లో తలా ఒక మాట చెబుతున్నారు. వాటిలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నది నాకు తోచినంతలో చెబుతాను.

మొదటిది, వచ్చినప్పుడల్లా తీసేయడం. ఇది ఓడిపోయే ఆటలా కనిపిస్తుంది. అడ్మిన్ తీసేసిన నెంబరు అదే లింకుతో మళ్లీ చేరలేదు, నిజమే. కానీ మన దేశంలో చాలా రాష్ట్రాల్లో ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌ల వరకు ఉండొచ్చు. ఇంట్లోవాళ్ల నెంబర్లు వేరే. 2023 నుంచి ఒకే ఫోనులో రెండు వాట్సాప్ అకౌంట్లు పెట్టుకునే వీలు కూడా వచ్చింది. కాబట్టి నెంబర్లు అయిపోతాయి, విసుగొచ్చి మానేస్తాడు అనుకుంటే పొరపాటే.

అయినా సరే, తీసేయడం మానకూడదంటాను. తీసేసే పద్ధతి మారాలి. చాలా గ్రూపుల్లో అడ్మిన్ ఏం చేస్తారంటే, నెంబరు తీసేసి, దాని కింద ఒక పెద్ద ప్రకటన పెడతారు. "ఫలానావాడు మళ్లీ దొంగ నెంబరుతో వచ్చాడు, తీసేశాం, అందరూ జాగ్రత్త." వెంటనే దండాలు, చప్పట్లు, "మంచి పని చేశారు మేడం" అని నలభై మెసేజులు. ఒకరు పాత గొడవ తవ్వుతారు. ఇంకొకరు "అతను అన్నదాంట్లో కూడా నిజం ఉంది కదా" అంటారు. తెల్లారేదాకా అదే నడుస్తుంది. అతనికి గ్రూపులో స్నేహితులు ఉండనే ఉంటారు. ఆ స్క్రీన్‌షాట్లన్నీ అతనికి చేరతాయి. అతను బయట ఉండి కూడా గ్రూపంతా తన గురించే మాట్లాడుకునేలా చేసుకున్నాడు. అతనికి కావలసిందే అది.

అదే పని మాట లేకుండా చేస్తే లెక్క మారిపోతుంది. 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు. మెసేజ్ ఉన్న చోట అడ్మిన్ తొలగించారని మన పేరుతో కనిపిస్తుంది, అది చాలు. మెసేజ్ తీసేయడం, నెంబరు తీసేయడం, మర్నాడు ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందో రాయడం. మనకు రెండు నిమిషాల పని. అతనికి ఒక సిమ్ వృథా, రెండు రోజుల గుడ్ మార్నింగులు వృథా, చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. అయితే ఒక జాగ్రత్త. తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీయాలి, నెంబరు, టైము కనిపించేలా. వాయిస్ మెసేజ్ అయితే సేవ్ చేసుకోవాలి. కంగారులో ముందు డిలీట్ కొట్టేస్తే రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

రెండోది, పెద్దవాళ్లు ఎక్కువగా చెప్పేది, పట్టించుకోకపోవడం. "మనం పలక్కపోతే వాడే పోతాడమ్మా" అంటారు. వట్టి చిరాకు పెట్టేవాడి విషయంలో ఇది పనిచేస్తుంది. రాజకీయాల ఫార్వర్డులు పెట్టేవాడు, ప్రతిదానికీ అడ్డం మాట్లాడేవాడు జవాబు రాకపోతే నిజంగానే చల్లబడతాడు. కానీ నాలుగొందల మంది ఉన్న గ్రూపులో అందరూ ఒకేసారి నోరు కట్టుకోవడం జరగదు. ఎవరో ఒకరు పలుకుతారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. పేరు పెట్టి ఒక అమ్మాయిని మాట అన్నప్పుడు మిగతా అందరం మౌనంగా ఉంటే, ఆ మౌనం అతనికి తగలదు, ఆ అమ్మాయికి తగులుతుంది. "ఇంతమంది చదివారు, ఒక్కరూ ఏమీ అనలేదు" అనిపిస్తుంది. ఆ మెసేజ్ తెల్లారేదాకా అక్కడే ఉంటే ఆ పిల్ల ఆ కాలనీలో తలెత్తుకు తిరగలేదు. కాబట్టి పట్టించుకోకపోవడం మిగతా సభ్యులకు ఇచ్చే సలహాగా మంచిదే, అడ్మిన్లకు మాత్రం కుదరదు.

మూడోది, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా గ్రూపుకు తాళం వేయడం. ఈ సెట్టింగు 2018 నుంచే ఉంది. గొడవ రాగానే ప్రెసిడెంట్లందరికీ మొదట తట్టేది ఇదే. నేను దీనికి గట్టిగా అడ్డం. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. వరద రాత్రి మాకు పనికొచ్చిన కబురు అడ్మిన్ల నుంచి రాలేదు. చివరి వీధిలో ఉండే టైలరింగ్ చేసే అక్క "మా గుమ్మం మూడో మెట్టు మునిగింది" అని పెడితేనే ముందు వీధివాళ్లు బళ్లు ఎత్తు మీదకు చేర్చుకున్నారు. ఎవరికి ముందు తెలుస్తుందో వాళ్లకే నోరు లేకుండా చేస్తే ఇక ఆ గ్రూపు దేనికి? గొడవ మరీ ముదిరిన రాత్రి ఒక్క పూటకు మూసి పొద్దున్నే తెరవడం వేరు. నెలల తరబడి మూసేస్తే జనం వేరే గ్రూపు పెట్టుకుంటారు, అందులో మొదట చేరేవాడు అతనే అవుతాడు.

నాలుగోది, నాకు అన్నింటికన్నా నచ్చింది, గుమ్మం దగ్గరే అడగడం. కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలన్న సెట్టింగు 2023లో వచ్చింది. పాత లింకు కిరాణా షాపు గోడ మీదా, పది గ్రూపుల్లోనూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ముందు దాన్ని రీసెట్ చేయాలి. ఆ తర్వాత చేరతామని వచ్చినవాళ్లను అడగాల్సినవి కొన్నే. డోర్ నెంబరు, పేరు, మీరు ఇక్కడ ఉంటున్నట్టు చెప్పగల పక్కింటివాళ్లు ఒకరు. ఆ పక్కింటివాళ్లకు ఒక ఫోను కొడితే తేలిపోతుంది. ఆధార్ ఫోటో పంపమని అడిగే గ్రూపులు చూశాను. అది తప్పు. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులన్నీ ఒక అడ్మిన్ ఫోన్లో ఎందుకుండాలి? అద్దెకున్నవాళ్లకు ఓనరు మాటే కావాలని పట్టుబట్టడం కూడా సరికాదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వని ఓనరు మీద నలుగురి ముందు చెప్పుకోవాల్సింది వాళ్లే కదా.

దీనికి శ్రమ ఉంది. నెల మొదట్లో ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ, అప్పుడు రోజూ ఫోన్లు చేయాలి. శ్రమ కన్నా నన్ను భయపెట్టేది అనుమానం. ఒకసారి మోసపోయాక కొత్త నెంబరు ఏది కనిపించినా అతనేనేమో అనిపిస్తుంది. పక్క కాలనీలో జరిగింది చెబుతాను. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు, నీళ్లు రావడం లేదని రెండుసార్లు గట్టిగా అడిగాడు. రాసే తీరు పాత మనిషిలాగే ఉందని తీర్మానించి అతన్ని తీసేశారు. తర్వాత అతను వేరే మనిషని తెలిసి పిలిచినా రాలేదు. చవితి పందిరి చందా కూడా కింద షాపులో ఇచ్చి వెళ్లిపోయాడు. కాబట్టి మనిషి ఎవరని వెతకడం మానేసి, మెసేజ్ ఎలా ఉందని చూడాలి. అబద్ధపు కబురైనా, ఆడపిల్లల మీద కూతైనా ఎవరు పెట్టినా తీసేయడమే. నీళ్ల గురించి కోపంగా అడిగినవాడు ఎవరైనా జవాబు చెప్పడమే.

మరి అతనే వేరే పేరుతో వచ్చి, నెలల తరబడి బుద్ధిగా ఉంటే? మా వాళ్లలో సగం మంది "తీసేయాల్సిందే" అంటారు. నేను దేనికి తీసేశామో చూడాలంటాను. నోటి దురుసుకు, డబ్బుల గొడవకు తీసేసినవాడు మారి వస్తే ఉండనివ్వడమే మంచిది, మనకు కావలసింది ఆ మార్పే. ఆడపిల్లలను వెంటాడినందుకు తీసేసినవాడు ఎంత మంచిగా మాట్లాడినా ఒప్పుకోను. అతను మాట్లాడకుండా కూర్చుని వాళ్ల నెంబర్లు చూస్తూ ఉండటమే ప్రమాదం.

ఐదోది, ఎవరూ చేయడానికి ముందుకు రానిది, ఇంటికి వెళ్లి మాట్లాడటం. కాలనీ గ్రూపుకున్న పెద్ద బలం ఇదే. ఎక్కడో తెలియని ఊళ్లో ఉన్నవాడు కాదు, నాలుగు వీధుల అవతల ఉంటాడు. వెళ్లాల్సింది అతను తిట్టిన ప్రెసిడెంటు కాదు, అడ్మిన్లు కూడా కాదు. అతను మర్యాద ఇచ్చే మనిషి ఒకరు వెళ్లాలి. మా దగ్గర ఆర్టీసీలో చేసి రిటైరైన బాబాయిగారు ఉన్నారు, అలాంటివారు ఒక్కరే వెళ్లాలి. ముందు అతను చెప్పేది పూర్తిగా వినాలి. అలాంటివాళ్లు చెప్పే పది మాటల్లో ఒకటి నిజం ఉంటుంది. బోరు మోటారు రిపేరు బిల్లు ఎవరికీ చూపించలేదన్నది నిజమే అయితే, ఆ బిల్లు నోటీసు బోర్డులో పెట్టేస్తే సరి. ప్రతి నెలా లెక్కలు గోడ మీద ఉంటే ఆ గొడవకు ఆధారమే ఉండదు.

ఆ తర్వాత షరతులు. సొంత నెంబరుతో, సొంత పేరుతో రావాలి. అబద్ధపు కబురుకు ఒక్క మాట సారీ చెప్పాలి. ఇంకో సంగతి, గడువు చెప్పాలి. "జన్మలో రానివ్వం" అంటే అతనికి ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు, దొంగ నెంబర్లే దారి. "ఆరు నెలలు ఆగు, ఈలోపు వేరే నెంబరుతో వస్తే లెక్క మళ్లీ మొదలు" అంటే ఆగడానికి ఒక కారణం ఉంటుంది. అందరూ వింటారని చెప్పలేను. కానీ ఇది చేయకుండా పై పద్ధతులు ఎన్ని చేసినా సగం పనే.

ఇక పోలీసులు. ఇక్కడ రెండు అపోహలు నడుస్తున్నాయి. ఎవరేం పోస్టు పెట్టినా అడ్మిన్‌ను అరెస్టు చేస్తారన్నది ఒకటి. ఉమ్మడి ఉద్దేశం ఉంటే తప్ప సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ బాధ్యుడు కాదని బొంబాయి హైకోర్టు 2021లో చెప్పింది, కేరళ హైకోర్టు కూడా 2022లో అడ్మిన్ పక్షానే తీర్పిచ్చింది. గ్రూపులో తిట్టినా కేసే అన్నది రెండోది. ఐటీ చట్టంలో అలా వాడుకున్న 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. వట్టి దురుసు మాటకు స్టేషన్ మెట్లెక్కితే వాళ్లూ విసుక్కుంటారు, రేపు నిజంగా అవసరమైనప్పుడు మన మాట తేలికైపోతుంది.

హద్దు దాటిన రోజు మాత్రం ఇంకేమీ ఆలోచించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, వద్దని స్పష్టంగా చెప్పినా ఒక మహిళను మెసేజులతో వెంటాడటం 78వ సెక్షన్ కింద నేరం. బెదిరింపు 351 కిందకు వస్తుంది. పేరు దాచుకుని బెదిరిస్తే దానికి అదనంగా రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు. దొంగ నెంబరు వెనక దాక్కున్నవాడికి అది తెలియాలి. సైబర్ హెల్ప్‌లైన్ 1930 నెంబరు డబ్బు పోయిన మోసాలకు. ఇలాంటి వేధింపులకు, బెదిరింపులకు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనో, దగ్గరి స్టేషన్‌లోనో ఫిర్యాదు ఇవ్వాలి. మెసేజ్ వచ్చిన అసలు ఫోనులో ఆ చాట్ చెరిపేయకుండా ఉంచాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టు సర్టిఫికెట్ అడుగుతుంది, వట్టి ప్రింటవుట్ సరిపోదు.

మొత్తం మీద నా లెక్కలో గుమ్మం దగ్గర అడగడం ముందు, చప్పుడు చేయకుండా తీసేయడం దాని పక్కన, బాబాయిగారు వెళ్లి మాట్లాడటం ఆ వారంలోనే. తాళం వద్దు. వచ్చే ఆదివారం మీటింగులో నేను అడగబోయేది కూడా ఇదే, ఇంకో రెండు సంగతులతో కలిపి. ఆలస్యంగా పడుకునే ఇద్దరికి రాత్రి పూట అడ్మిన్ బాధ్యత ఇవ్వాలి, మెసేజ్ పదకొండింటికి వస్తే పొద్దున్న ఆరింటిదాకా ఎవరూ చూడకుండా ఉండకూడదు. వాళ్లలో ఒకరు ఆడవాళ్లు కావాలి. అద్దెకున్న అమ్మాయిలకు గ్రూపులో చెప్పుకోలేనిది ఏదైనా వస్తే నేరుగా పంపడానికి ఒక నెంబరు ఉండాలి, ఆ నెంబరు ప్రతి ఇంట్లోనూ ఇచ్చి రావాలి.