ఎడిన్‌బరోలో పోయిన 110 పౌండ్లు, ఐలా దీవిలో దొరికిన పొగ రుచి

ముందుగా ఒక మాట. పొగ వాసన ఉండే స్కాచ్ విస్కీని సరిగ్గా రుచి చూడాలని స్కాట్లాండ్ వెళ్లేవాళ్లు ఎడిన్‌బరోలో ఆ పని పెట్టుకోకండి. మేం పెట్టుకున్నాం. మనిషికి 55 చొప్పున ఇద్దరికి 110 పౌండ్లు పోయాయి, అంతకంటే బాధేమిటంటే ఆ రకం విస్కీ పేరెత్తితేనే మా బావ మొహం తిప్పేసుకునే దాకా వచ్చింది.

ఊరి మధ్యలో ఒక సందులో ఉన్న టేస్టింగ్ గది అది. బుక్ చేసేటప్పుడు గంటన్నర అని ఉంది, అక్కడ నలభై నిమిషాల్లో లేపేశారు. మేం వెళ్లేసరికే ఐదు గ్లాసుల్లో పోసి పెట్టేశారు, ఎంతసేపటి క్రితం పోశారో ఏమో. ఒక్కోదాంట్లో 15 మిల్లీలీటర్లు, దగ్గు మందు మూత కంటే కాస్త ఎక్కువ. చెప్పే కుర్రాడు బట్టీ పట్టింది అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోయాడు. పొగ విస్కీ చివరి గ్లాసు. "ఇది కొందరికి పడదు" అన్నాడు, అంతే. ఎందుకు పడదో, ఎలా తాగితే పడుతుందో ఒక్క ముక్క లేదు. రెండు చుక్కలు మామూలు నీళ్లు అడిగితే ఐసు ముక్కలు తేలుతున్న జగ్గు తెచ్చిపెట్టాడు. బావ గ్లాసంతా ఒకేసారి నోట్లో పోసుకుని, టిష్యూలోకి ఊసేసి, "ఏందిరా ఇది, ఆసుపత్రిలో కట్టు విప్పినట్టుంది" అన్నాడు.

బావది టంగుటూరు దగ్గర ఊరు, పొగాకు రైతు, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉన్నాయి. మేనకోడలి కాన్వొకేషన్ డిసెంబరు మొదటి వారంలో గ్లాస్గోలో అయితే అక్కా తనూ వచ్చారు, నేను మాంచెస్టర్ నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. తోటలో నారు నాటి నెల దాటింది, తుపాను వస్తుందేమోనని బావకి ఒకటే టెన్షన్, ఫోను చేతిలోంచి దించడు. దానికి తోడు ఈ విస్కీ. పొగ విస్కీ తయారయ్యే ఐలా దీవిలో రూములు ముందే బుక్ చేసి ఉన్నాం, డబ్బు వెనక్కి రాదు, లేకపోతే ఆ రోజే మానుకునేవాళ్లం. పడవ ప్రయాణం తన వల్ల కాదని అక్క గ్లాస్గోలోనే ఉండిపోయింది, మేం ముగ్గురం బయల్దేరాం.

కారు కావాలనే తీసుకోలేదు. స్కాట్లాండ్‌లో 2014 నుంచి డ్రైవింగుకి మద్యం పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే. రుచి చూడటానికి వెళ్తూ స్టీరింగ్ పట్టుకోవడం అనవసరం. గ్లాస్గో బస్టాండులో ఎక్కితే మూడు గంటల పైచిలుకులో కెన్నక్రేగ్ రేవు దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి ఐలాలోని పోర్ట్ ఎలెన్‌కి పడవలో రెండుంబావు గంటలు, నడిచి ఎక్కేవాళ్లకి ఒక వైపు టికెట్ మనిషికి ఎనిమిది పౌండ్ల చుట్టూ. చలికాలంలో గాలి ఎక్కువైతే పడవలు ఆగిపోతాయి, మాదీ రెండు గంటలు ఆలస్యం. వెనక్కి వచ్చే రోజుకీ విమానం టికెట్టుకీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

బస గురించి కోపం ఇంకా తగ్గలేదు. రెండు రూములు, ఒక్కోటి రాత్రికి 118 పౌండ్లు. పడవ ఆలస్యమని కెన్నక్రేగ్ నుంచే మెసేజ్ పెట్టాను, అయినా రాత్రి తొమ్మిదిన్నరకి వానలో పావుగంట తలుపు కొట్టాక గానీ ఆ ఇంటావిడ తీయలేదు. తీసి, ఆలస్యంగా వచ్చినందుకు 20 పౌండ్లు అదనం అంది. హీటరు తొమ్మిదికే కట్టేస్తారట, మళ్లీ పొద్దున ఆరింటికి. బావ స్వెటర్ మీద కోటు వేసుకుని, దాని మీద శాలువా కప్పుకుని పడుకున్నాడు, మేనకోడలు జ్వరం వచ్చినట్టు వణికింది. ఇంకో దుప్పటి అడిగితే అల్మారాలో ఉన్నవే అంది, చూస్తే అల్మారా ఖాళీ. ఐలాలో బస బుక్ చేసుకునేముందు రాత్రి హీటరు ఉంటుందా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, సముద్రం కనపడే కిటికీ ఉందా లేదా తర్వాత చూసుకోవచ్చు.

తెల్లారాక అంతా మారిపోయింది. పోర్ట్ ఎలెన్ నుంచి రోడ్డు పక్కనే నడకదారి వేశారు, మూడు మైళ్లలో విస్కీ తయారుచేసే డిస్టిలరీలు మూడు వరసగా వస్తాయి: లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ 1815 నాటివి, లాగవూలిన్ 1816. మూడింటికీ తెల్లగోడలు, గోడ మీద పేరు పడవలోంచి కనపడేంత పెద్ద నల్ల అక్షరాలు. దీవిలో చెట్లు తక్కువ. బురద నేలలో నాచూ గడ్డీ నీళ్లలో నాని, కుళ్లీ కుళ్లకుండా పొరలుపొరలుగా పేరుకుని పీట్ అవుతుంది, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున. ఇక్కడివాళ్లకి తరతరాలుగా పొయ్యిలోకి అదే.

లఫ్రోయిగ్ ఇప్పటికీ తనకు కావలసిన మాల్టులో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో, కొంత భాగం సొంతంగా నేల మీదే తయారు చేసుకుంటుంది. నానబెట్టిన బార్లీని సిమెంటు నేల మీద పరిచి, మొలక వచ్చే దాకా తిరగేస్తూ ఉంటారు. ఆ తర్వాత ఆరబెట్టే గది, అదే క్లిన్. టూరు చూపించే అమ్మాయి పొయ్యి తలుపు దగ్గర ఆగి ఎండిన పీట్ గడ్డ ఒకటి బావ చేతిలో పెట్టింది. ఎండిన పిడకంత తేలిగ్గా ఉంది, విరిచిన చోట సన్నటి వేళ్ల పోగులు ఇంకా కనపడుతున్నాయి. గింజ తడిగా ఉన్నప్పుడే పొట్టుకి పొగ పడుతుందని, అందుకే ముందు పీట్ కాల్చి పొగ పెట్టి తర్వాత వేడిగాలితో ఆరబెడతామని ఆమె చెప్తోంది. నేను తెలుగులో చెప్పబోయేలోపే బావకి సంగతి అర్థమైపోయింది.

"మా బ్యారన్‌లో పొగ గొట్టాల్లోంచి బయటికి పోవాల, వేడే ఆకుకి తగలాల. గొట్టానికి చిల్లు పడి పొగ లోపలికి వచ్చిందా, ఆకు వాసన పట్టి గ్రేడు పోద్ది. వీళ్లు ఆ పొగ కోసమే కాలుస్తన్నారా అబ్బాయ్! ఎన్ని గంటలు పెడతారో అడుగు. రాత్రిపూట మంట చూసేదెవరో అడుగు."

అడిగాను. ఆ అమ్మాయి కూడా ఉత్సాహపడి, మిగతా గుంపుని కాసేపు ఆపి, పొగాకు ఎలా క్యూరింగ్ చేస్తారని బావని తిరిగి అడిగింది. పది నిమిషాలు నేను ఇద్దరి మధ్యా దుబాసీ పని చేశాను. మూడు రోజుల్లో బావ ఫోను జేబులో పెట్టింది అప్పుడే.

ఆ తర్వాత గ్లాసు. ఎడిన్‌బరోలో ఎవరూ చెప్పనిది ఇక్కడ మొదటి నిమిషంలోనే చెప్పారు. కింద బొజ్జ ఉండి పైన మూతి సన్నగా ఉండే గ్లాసు తీసుకోవాలి. పోసిన వెంటనే ముక్కు లోపల పెట్టకూడదు, గడ్డం దగ్గర పట్టుకుని నోరు కాస్త తెరిచి వాసన చూడాలి, లేకపోతే స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేం తెలియదు. మొదటి గుక్క లెక్కలోకి రాదు, అది నాలుకని అలవాటు చేయడానికి. రెండోది చిన్నది తీసుకుని పది సెకన్లు నోట్లో ఉంచాలి. అప్పుడు రెండు మూడు చుక్కలు నీళ్లు. ఐసు వద్దు, చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది. బావ చెప్పింది చెప్పినట్టు చేశాడు. ముందు టించర్ అయోడిన్, సముద్రపు నాచు. నీళ్లు పడ్డాక ఆ ఆసుపత్రి వాసన పక్కకి జరిగి, కుంపటి మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, దాని వెనకాల తాటిబెల్లం లాంటి తీపి. "ఆరిన బ్యారన్ పొద్దున్నే తలుపు తీసినట్టుంది" అన్నాడు బావ చివరికి, కళ్లు మూసుకుని.

పొగ ఎంత ఉందో పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అనే లెక్కలో చెప్తారు, ఆ అంకె చూసి మోసపోకండి. అది మాల్టుకి పట్టిన ఫినాల్స్, అంటే పొగ వాసననిచ్చే పదార్థాల కొలత, సీసాలోకి వచ్చేసరికి చాలా తగ్గుతుంది. ఆర్డ్‌బెగ్ మాల్టు 55 దాకా ఉంటుంది, లాగవూలిన్ 35 దగ్గర. కానీ లాగవూలిన్ 16 ఏళ్లది తాగితే పొగ నోట్లో ఎక్కువసేపు నిలిచింది, చిక్కగా, ఎండుద్రాక్ష తీపితో. ఆర్డ్‌బెగ్ పదేళ్లది 46 శాతం, కొత్త తారు రోడ్డు వాసన మీద నిమ్మతొక్క గిల్లినట్టు. నా ఓటు లాగవూలిన్‌కే. మొదటిసారి తాగేవాళ్లు అక్కడ మొదలుపెట్టి లఫ్రోయిగ్‌కి వెళ్తే మంచిది, మేం నడిచిన వరస రుచికి సరైన వరస కాదు.

ఆర్డ్‌బెగ్‌ 1980ల్లో కొన్నేళ్లు మూతపడింది, 1997లో యజమాని మారాక మళ్లీ కోలుకుంది. పాత క్లిన్ గదినే కేఫ్ చేశారు. వానలో నిలువునా తడిసి వెళ్లిన మాకు అక్కడ పొగబెట్టిన చేప, బంగాళాదుంప, పాలు వేసిన వేడి సూపు దొరికింది. గిన్నె 9 పౌండ్లు, పక్కన వెన్న రాసిన రొట్టె. విస్కీ ముట్టని మేనకోడలు రెండు గిన్నెలు తాగి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఉప్పు సరిగ్గా ఉంది, చేప పొగ వాసనా గ్లాసులోని పొగ వాసనా అన్నదమ్ముల్లా కలిశాయి. ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి ఖర్చులో ఇదే న్యాయమైనది.

నాలుగు కాకముందే చీకటి పడింది, చేతిలో టార్చి లేకపోతే ఆ దారిలో తిరుగు నడక కష్టం. మేం టాక్సీకి 14 పౌండ్లు ఇచ్చాం. టూర్లు మనిషికి 20 పౌండ్ల అటూ ఇటూ, చలికాలంలో రోజుకి ఒకటో రెండో ఉంటాయి, ముందే బుక్ చేసుకోవాలి. సీసాలు దీవిలో కొనక్కర్లేదు, మామూలువి గ్లాస్గో సూపర్‌మార్కెట్‌లోనే చవక, లఫ్రోయిగ్ పదేళ్లది 38 పౌండ్లకి దొరికింది.

బావ రెండు సీసాలు కొన్నాడు, ఒకటి లఫ్రోయిగ్, ఒకటి లాగవూలిన్. రెండూ కలిపి 1,400 మిల్లీలీటర్లు, మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్ల దాకా వదులుతుంది. రెండూ లుంగీల్లో చుట్టి తనే సర్దుకున్నాడు, అక్కని చెయ్యి వెయ్యనివ్వలేదు. లఫ్రోయిగ్ ఇంకా తెరవలేదట. మొదటి బ్యారన్ కాల్చే రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని తెరుస్తానని, సోడా మాత్రం ఎవరూ తేవద్దని మా వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాడు.