సెయింట్ పాల్స్ టూర్: గోపురం కోసమైనా వెళ్లండి

లండన్‌లో సెయింట్ పాల్స్ కేథడ్రల్ చూడ్డానికి ఒక గైడెడ్ టూర్ తీసుకున్నాం. గైడ్ బాగానే చెప్పాడు కానీ గుంపు పెద్దది, వెనకున్న మాకు సగం మాటలు వినబడలేదు. క్రిస్టఫర్ రెన్ డిజైన్ చేసిన ఈ కట్టడం పని 1675లో మొదలై 1710కి పూర్తయింది. అసలు సంగతి గోపురం: బయట కనిపించేది, లోపల తలెత్తితే కనిపించేది ఒకటి కాదు! రెండింటి మధ్య ఇటుకలతో కట్టిన శంకువు దాగి ఉంది, పైనున్న రాతి లాంతరు (దీపం కాదు, గోపురం కొసన ఉండే చిన్న బురుజు లాంటి కట్టడం) బరువు మోస్తున్నది అదే, బయటిదేమో చెక్క చట్రం మీద సీసం రేకులు కప్పింది, అంతే. ఇది తెలిశాక మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ ఉండిపోయాను. పైదాకా 528 మెట్లు. మోకాళ్లు మొరాయిస్తే 376 దగ్గర, గోపురం చుట్టూ బయట ఉన్న నడవా అయిన స్టోన్ గ్యాలరీలో ఆగిపోవచ్చు (నేను ఆగాను). నాలుగు స్టార్లు, ఒకటి ఆ గుంపు వల్ల కోసేశాను.